గుమ్మం మీద పెరిగిన పిల్ల

రీకె ఇంట్లో ఏ వస్తువు ముట్టుకున్నా ఆమె ఏమీ అనదు. గుమ్మానికి కుడిపక్క నిలబెట్టిన ఓక్ దుంగ జోలికి మాత్రం పోకూడదు. ఒకసారి పొరుగింటి ట్రీన బురద గొడ్డలిని దానికి ఆనించింది. "అక్కా, అది నువ్వు తీస్తావా, నన్ను తియ్యమంటావా?" అని రీకె అడిగిన తీరుకు, ఎవరికీ జడవని ట్రీన కూడా నోరు మూసుకుని తీసేసింది. ఆ దుంగ మీద కత్తితో గీసిన పది గీతలున్నాయి. అన్నిటికంటే కిందిది రీకె నడుముకు తగులుతుంది, పైది ముక్కు దాకా వస్తుంది. ఆ పది గీతలే రీకె కూతురు దోర్తె.

పిల్ల మాత్రం సముద్రానికి అవతల, సొంత దేశం మెక్లెన్‌బుర్గ్‌లో, అమ్మమ్మ దగ్గర ఉంది. రీకె ఇవతల, అమెరికాలో, విస్కాన్సిన్ అడవి నరికి చేసుకున్న పొలంలో ఉంది.

రీకె పుట్టిన ఊళ్లో ఇల్లు లేనివాడికి పెళ్లి లేదు. ఇల్లిచ్చేది ఊరి భూమంతా చేతిలో ఉన్న దొర. రీకెను చేసుకుంటానని యోఖెన్ ఏడేళ్లు ఆ దొర గుర్రాలు తోమాడు, ఏడేళ్లూ దొర "చూద్దాం లే" అన్నాడు. ఆ చూద్దాంలోనే దోర్తె పుట్టింది. పెళ్లికాని తల్లి అని చర్చిలో రీకెను వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. పెళ్లి చేసుకోనివ్వనిదీ వాళ్లే, పెళ్లి కాలేదని మూతి తిప్పేదీ వాళ్లే. ఎక్కడి న్యాయమండీ ఇది! ఆఖరికి విసిగిపోయి ఇద్దరూ అమెరికా ఓడకు టికెట్లు తీసుకున్నారు. సరిగ్గా బయల్దేరే వారంలో దోర్తెకు తట్టు పోసింది. మూడేళ్లు కూడా నిండని పిల్ల, ఒళ్లంతా ఎర్రగా కంది కళ్లు తెరవలేక పడి ఉంది. ఓడ ఆగదు. వాళ్లున్న గదిని దొర అప్పటికే ఇంకెవరికో ఇచ్చేశాడు.

"ఒక్క ఏడాదే కదే. వచ్చే వసంతానికి నేనే పంపిస్తా పో," అంది రీకె తల్లి.

రీకె వంగి, నిద్రపోతున్న పిల్ల ఎడమ చెవిని ముద్దు పెట్టుకుంది. ఆ చెవి తమ్మెకు కొసన గోరంత ముక్క లేదు. అంతకు ముందేడు దొరగారి పెద్దబాతు ఒకటి కసిదీరా కొరికింది. ఆ చెవిని ముద్దుపెట్టుకుని తలుపు దాటింది రీకె. ఆ ఒక్క ఏడాది పదకొండేళ్లయింది.

మొదటి వేసవిలోనే ఆమె తల్లికి ఉత్తరం రాసింది. "దోర్తె ఎంత ఎదిగిందో నాకెలా తెలుస్తుంది అమ్మా? మిఖాయేలు పండుగనాడు దాన్ని గోడకు నిలబెట్టి, అరికాలి నుంచి నడినెత్తి దాకా అవిసె దారంతో కొలిచి, ఆ దారం ఉత్తరంలో పెట్టించు." తల్లికి చదువు రాదు. ఊరూరా తిరిగి బట్టలు కుట్టే దర్జీ ఒకడు ఆమెకు ఉత్తరాలు చదివిపెట్టి, జవాబులు రాసిపెట్టేవాడు. నవంబరులో దారం వచ్చింది. రీకె దాని ఒక కొసను గడప మీద కాలితో తొక్కిపట్టి, రెండో కొసను దుంగ వెంట సాగదీసి, కత్తితో గీత పెట్టింది. పెట్టి, ఆ గీత ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కూర్చుంటే గీత సరిగ్గా ఆమె మొహానికి ఎదురుగా వచ్చింది.

ట్రీన ఆరోజు అక్కడే ఉంది. ట్రీన పక్క సీమ పొమెరేనియా మనిషి, నోటికి గడియ ఉండదు.

"బతికున్న పిల్లను దారంతో కొలుస్తారటే ఎవరైనా? మనిషిని అలా పొడుగ్గా కొలిచేది వడ్రంగి, అదీ పెట్టె చెయ్యడానికి! మీ మెక్లెన్‌బుర్గోళ్లకు బొత్తిగా బుద్ధి లేదు."

"నీ నోట్లో మన్ను పొయ్య, నోరు ముయ్యక్కా," అంది రీకె. మనసులో మాత్రం ఆ మాట ముల్లులా దిగబడిపోయింది.

రెండో ఏడు రెండో దారం వచ్చింది. ఆ చలికాలమే యోఖెన్ చెట్టు నరుకుతుంటే అది మొదలు దగ్గర మెలితిరిగి అతని మీద పడింది. మంచు మీద అతన్ని తోలుపట్టా మీద పెట్టి ఇంటికి లాక్కొచ్చింది రీకె ఒక్కతే. మూడో రోజుకు అతను పోయాడు. నేల గడ్డకట్టి ఉంటే నిప్పు వేసి కరిగించి తవ్వారు. ఆ వారమే రీకె తల్లికి రాసింది. "అమ్మా, యోఖెన్ లేడు. నాకిక దోర్తె ఒక్కతే మిగిలింది. ఆ రెండు గీతలు లేకపోతే నేను కూడా ఆ గోతిలోనే పడుకునేదాన్ని."

ఇది గుర్తుపెట్టుకోండి. మనిషి దుఃఖంలో ఏదో రాస్తుంది. రాసింది ఎవరి చేతిలో పడి ఏం చేస్తుందో ఆమెకేం తెలుసు?

మొగుడు పోయిన ఆడది మళ్లీ పెళ్లి చేసుకోవాలి, లేదా మిల్వాకీ పట్నం వెళ్లి ఎవరింట్లోనో అంట్లు తోముకోవాలి. ఊళ్లో అందరూ ఆ రెండే చెప్పారు. రీకె రెండూ చెయ్యలేదు. యోఖెన్ బూట్లలో గుడ్డలు కూరి తొడుక్కుంది, ఎడ్లను కట్టింది, మోడుల మధ్య రై విత్తనాలు చల్లింది. ఒక ఆవు మూడయ్యాయి. ఆమె వెన్న తీసిందంటే రేవులో ఇంగ్లీషువాళ్లు కూడా పేరు పెట్టి అడిగి కొనుక్కునేవారు. నాలుగేళ్ల కిందట ఎండలకు అడవి అంటుకుని మంట ఇంటి దాకా వస్తే, అందరూ సామాన్లు బండ్లకెత్తుకుని సరస్సు వైపు పరిగెత్తారు. రీకె తడిపిన గోనెలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "కప్పు పోతే పోనీ, ఆవులు పోతే పోనీ," అని అరుస్తూ ఆ దుంగ మీద బకెట్లు బకెట్లు నీళ్లు గుమ్మరించింది. గాలి మళ్లి బతికింది గాని, ఆమె కనుబొమలు మళ్లీ మొలవడానికి చలికాలం దాకా పట్టింది. "దుంగ కోసం కనుబొమలు కాల్చుకున్నది ఈ అమెరికా మొత్తంలో నువ్వొక్కదానివే," అని ట్రీన ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

యోఖెన్ పోయిన ఏడు మాత్రం దారం రాలేదు. చేతులు పట్టేసి నూలు వడకలేదని తల్లి రాయించింది. పై ఏడు వచ్చిన దారం చూస్తే రీకెకు మతిపోయింది. రెండో గీత మీద జానెడు పైకి పోయింది! "చూశావా అక్కా, రెండేళ్లకు ఎంత ఎదిగిందో! అచ్చం యోఖెన్ పోలికే," అని దారాన్ని మెళ్లో వేసుకుని ట్రీన ఇంటి దాకా పరిగెత్తింది. ఆ ఉత్తరంలోనే ఇంకో మాట ఉంది. "కొలిచేటప్పుడు దొంగపిల్ల మడమలు ఎత్తేస్తుందే. ఎందుకే అంటే, ఎంత పొడుగుంటే అమ్మ అంత తొందరగా పిలిపించుకుంటుంది కదా అంటుంది. ఎన్నిసార్లు తిట్టినా అంతే."

ఆ మాట చదివి రీకె నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది. ఆ తర్వాత ఏటా దారం సాగదీసినప్పుడల్లా, "మడమలు దించవే, దొంగపిల్లా!" అని ఖాళీ దుంగను గదమాయించి, ఒక బొటనవేలంత కిందికి గీత పెట్టేది. ఏడాది పొడుగునా ఆమె గొంతులో ఆ ముద్దు పలికేది ఆ ఒక్క నిమిషమే. మిగతా రోజుల్లో ఆవులతోనూ ఎడ్లతోనూ ట్రీనతోనూ ఒకటే గొంతు.

పిల్లను పంపమని ఎన్నిసార్లు రాయలేదు! ఒక ఏడు దగ్గు అన్నారు, ఒక ఏడు వచ్చేవాళ్ల తోడు లేదన్నారు, చివరికి పద్నాలుగేళ్లు నిండి చర్చిలో పెద్దల ముందు విశ్వాసం ఒప్పజెప్పి ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకున్నాక పంపుతామన్నారు. ముసలిది పిల్లను వదల్లేక సాకులు చెబుతోందని రీకె పళ్లు కొరుక్కునేది. ఈ ఏడు పద్నాలుగు నిండుతాయి. రీకె ఎవరినీ అడగలేదు, దోర్తె పేరు మీద ఓడ టికెట్టు తీసి పంపేసింది.

జూన్ మొదటి వారంలో, అడవి అంచున స్ట్రాబెర్రీలు పండుతున్న రోజుల్లో, మిల్వాకీ నుంచి వచ్చే స్టీమరు కోసం రీకె ఎడ్లబండి కట్టుకుని రేవుకు వెళ్లింది. స్టీమరు వచ్చేది మధ్యాహ్నం, ఈవిడ వెళ్లింది పొద్దున్నే. తెల్లారి లేచి జాకెట్టు మూడుసార్లు మార్చి, మళ్లీ మొదటిదే వేసుకుంది.

స్టీమరు దిగినవాళ్లలో చెక్కబూట్లు వేసుకుని, తలకు గుడ్డ బిగించి కట్టుకున్న పిల్ల ఒకతె మూట పట్టుకుని నిలబడింది. పదకొండేళ్లు ఎదురుచూసిన రీకె, ఆఖరి పదడుగులు వెయ్యలేక తాడు కట్టే గుంజ పట్టుకుని నిలబడిపోయింది. పిల్లే వచ్చింది.

"అమ్మా?" అంది. అడిగినట్టుగా అంది.

రీకె దాన్ని పట్టుకున్న పట్టుకు మూట కింద పడింది. పిల్ల ఒళ్లు కర్రలా బిగుసుకుని ఉంది. బెదిరి ఉంటుందిలే, కొత్త కదా అనుకుంది రీకె.

దారి పొడుగునా పిల్ల అన్నీ తెలిసినట్టే మాట్లాడింది. "మచ్చావు ఈ ఏడు ఈనిందా అమ్మా? ట్రీన పెద్దమ్మ ఇంకా తిడుతుందా? నిప్పంటుకున్నప్పుడు కాలిన కంచె అదేనా?" ఒక్కొక్క ప్రశ్నకూ రీకె గుండె ఉప్పొంగిపోయింది. తన ఉత్తరాలన్నీ పిల్లకు కంఠతా వచ్చు!

"అవ్వ దర్జీ చేత నాలుగేసిసార్లు చదివించేది," అంది పిల్ల. "నేను పొయ్యి పక్కన కూర్చుని వినేదాన్ని."

"అవ్వ ఎలా ఉంది?"

పిల్ల ఎడ్ల వైపు చూసింది. "ఈస్టరు వారంలో పోయింది. నేను బయల్దేరే ముందు ఆదివారం పూడ్చాం."

ఎన్నో ఏళ్లుగా తల్లి మీద పెంచుకున్న కోపం ఒక్కసారిగా ఎక్కడ పెట్టుకోవాలో రీకెకు తెలియలేదు. కళ్లు తుడుచుకుని, పిల్ల భుజం మీద చెయ్యి వేసి, ఎడ్లను అదిలించింది.

ఇంటి దగ్గర ట్రీన కేకు పట్టుకుని సిద్ధంగా ఉంది, పైన వెన్నా చక్కెరా కలిపిన పిండి పలుకులు చల్లిన కేకు. పిల్లను పైనుంచి కిందికి చూసి, "పోలిక నీదీ లేదు, యోఖెన్‌దీ లేదు. ముసల్దాని తిండికి ఇలా అయిందేమో! తిని ఒళ్లు చెయ్యవే పిల్లా," అంది. తను రెండు ముక్కలు తిని, పిల్ల చేత మూడు తినిపించి వెళ్లిపోయింది.

సాయంత్రం ఎండ ఇంకా చాలా ఉంది. రీకె నీళ్లు కాచి పిల్లకు తలంటడానికి ఇంటి ముందు బల్ల మీద కూర్చోబెట్టింది. "తల నేనే కడుక్కుంటాను," అని పిల్ల గుడ్డ పట్టుకుంది. "పదకొండేళ్లు నువ్వే కడుక్కున్నావు కదే, ఇవాళ నన్ను కడగనీ," అని రీకె గుడ్డ లాగేసింది. జుట్టు కడిగింది, తుడిచింది, దువ్వి రెండు పాయలు తీసింది. ఎడమ పాయను చెవి వెనక్కి తోసింది.

చెవి తమ్మె గుండ్రంగా, నిండుగా ఉంది.

రీకె కుడి చెవి చూసింది. అదీ అంతే. మళ్లీ ఎడమ చెవి చూసింది. చేతిలో దువ్వెన ఆగిపోయింది. బల్ల మీద కూర్చున్న పిల్ల కూడా ఊపిరి బిగబట్టింది.

"నా కూతురేదీ?" అంది రీకె.

పిల్ల వెనక్కి తిరగలేదు. తిరగకుండానే, "చెవి చూస్తారని అవ్వ చెప్పింది," అంది. దారి పొడుగునా అమ్మా అమ్మా అన్నది ఇప్పుడు మీరులోకి వచ్చేసింది. "మీ ఆయన పోయారన్న ఉత్తరం వచ్చిన వారమేనండీ. దోర్తెకు గొంతు వాచింది. నాలుగు రోజులకే పోయింది. అప్పుడే మీ ఉత్తరం వచ్చింది. దోర్తె ఒక్కతే మిగిలింది, అది లేకపోతే గోతిలో పడుకునేదాన్నని మీరు రాశారట. రెండు చావులు ఒక్క మనిషికి ఎలా చెప్పేదిరా దేవుడా అని అవ్వ ఏడ్చేది. ఈ ఏడు కాదు, వచ్చే ఏడు చెబుదాం అనుకుంది. ఆ ఏడు రాగానే దారం పంపమని మీరు మళ్లీ రాశారు."

"నువ్వెవరివి?"

"మా నాన్న దొర దగ్గర కూలీ అండీ. మా అమ్మా నాన్నా అదే గొంతువాపుకు పోయారు. అవ్వ నన్ను తెచ్చి పెంచుకుంది. నన్నే గోడకు నిలబెట్టి కొలిచేది."

"మరి ఓడలో? రేవులో? అన్నిచోట్లా దోర్తెనని చెప్పావా?"

"టికెట్టు మీద అదే ఉంది కదండీ. పేరు చదివేవాళ్లే గాని, మొహం చదివేవాళ్లు ఎవరూ లేరు." పిల్ల లేచి మూట విప్పి, పాటల పుస్తకం తీసి, అందులోంచి చుట్టచుట్టిన దారం ఒకటి తీసింది. పాతబడి పసుపురంగు తిరిగిన దారం. "చెవి చూసి అడిగితే ఇది ఇమ్మంది, అడక్కపోతే పొయ్యిలో వెయ్యమంది. దోర్తెకు పెట్టె చేయించడానికి కొలిచిన దారమండీ ఇది."

రీకె అది తీసుకుంది. గుమ్మం దగ్గరికి వెళ్లి, ఒక కొసను గడప మీద తొక్కిపట్టి, పైకి సాగదీసింది. రెండో గీత మీద ఒక్క వేలెడు పైకి వచ్చింది. అంతే. మిఖాయేలు పండుగనాటి ఆఖరి కొలత తర్వాత వేలెడు ఎదిగింది తన దోర్తె. ఆ వేలెడు మీద తను తొమ్మిదేళ్లు ఎనిమిది గీతలు గీసుకుంది. ఎవరి పిల్లనో ఎదిగిస్తూ కూర్చుంది. రీకె దుంగకు నుదురు ఆనించి ఏడ్చింది. యోఖెన్ పోయినప్పుడు కూడా అంత బిగ్గరగా ఏడవలేదు. పిల్ల బల్ల దగ్గరే నిలబడి ఉంది, తడిజుట్టు వీపు మీద ఒక పక్క పాయగా, ఒక పక్క విరబోసి.

ఏడుపు విని ట్రీన పొలానికి అడ్డంపడి వచ్చింది. విషయం విని, జీవితంలో మొదటిసారి, పెట్టె గురించి తను అన్న మాట గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత తనకు తెలిసిన మందు తను చెప్పింది. "చూడవే రీకె, దీన్ని కళ్లెదురుగా పెట్టుకుని నువ్వు బతకలేవు. మా కోడలికి నెలలు నిండాయి, చెయ్యి సాయం కావాలి. కూడూ గుడ్డా మేం చూస్తాం. పొద్దున్నే బండి తెస్తా."

"తీసుకుపో," అంది రీకె.

"సరేనండీ," అంది పిల్ల. తనను అడగకపోయినా అంది.

పిల్ల రెండో పాయ తనే అల్లుకుంది. రీకె పాలు పితకడానికి పోయి, కుండ నిండినా అక్కడే కూర్చుండిపోయింది. తల్లిని తిట్టుకుందామంటే ఆ తల్లీ లేదు. పిల్లను తిట్టుకుందామంటే నోరు రాలేదు. ఆ గోతి మాట రాసిన తన చేతినే తిట్టుకుంది. పిల్ల పేరేమిటో మాత్రం అడగలేదు. అడిగితే ఆ పిల్లే అయిపోతుంది, దోర్తె పోయినట్టే అవుతుంది.

తెల్లవారి రీకె లేచేసరికి పొయ్యి వెలిగి ఉంది. రై గంజి ఉడుకుతోంది. మచ్చావు ఎడమవైపునుంచి పితికితేనే పాలిస్తుందని ఎప్పుడో ఉత్తరంలో రాసింది రీకె. పిల్ల అటువైపునుంచే పితికి కుండ మూతపెట్టి ఉంచింది. తలకు గుడ్డ కట్టుకుని, చెక్కబూట్లు తొడుక్కుని, మూట పక్కన పెట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంది.

"గంజి తిని పో," అంది రీకె.

"ఆకలిగా లేదండీ." తలగుడ్డ ముడి సవరించుకుని, "పోయేముందు ఒకటి అడగనా? ఏమీ అనుకోరుగా?" అంది. "నా దారాలు... మీరేం చేశారు? అవ్వ ఏటా అడిగేది, ఆవిడ వాటిని ఏం చేసుకుంటుందో అని. ఉత్తరాల్లో మీరు ఎప్పుడూ రాయలేదు."

రీకె చేతిలో గరిటెతోనే దుంగ వైపు చూపించింది.

పిల్ల దగ్గరికి వెళ్లింది. మూడో గీత మీద వేలు పెట్టింది, నాలుగో దాని మీద పెట్టింది, ఒక్కొక్కటీ తడుముకుంటూ పైదాకా వచ్చింది. "ఇది నాకు కాలు బెణికిన ఏడు," అంది తనలో తనే. "ఇది నేను రెండు నెలలు బడికి పోయిన ఏడు." ఎనిమిదేళ్లు తను ఇక్కడ, ఎవరో ఒకరి గుమ్మం మీద ఉన్నానన్న సంగతి ఆ పిల్లకు ఇప్పుడే తెలిసింది. తన కోసం ఈ భూమ్మీద ఎవరూ ఎప్పుడూ ఒక గీత కూడా గియ్యలేదనుకున్న పిల్ల. బయట ట్రీన బండి చప్పుడు వినిపించింది. పిల్ల గబగబా చెక్కబూట్లు విడిచి, వీపు దుంగకు ఆనించి, గడ్డం దించి, నిటారుగా నిలబడింది. ఒక్కసారి చూసుకుని పోదామని, అంతే.

రీకె గంజి కలుపుతూ అటు తిరిగింది. పిల్ల పాదాల మీద కళ్లు పడ్డాయి. మాసిన మేజోళ్లలో రెండు మడమలూ మెల్లగా, వాటంతట అవే, గడప మీంచి లేస్తున్నాయి.

"మడమలు దించవే, దొంగపిల్లా!"

ఆ కేక రీకె ఆలోచించి వెయ్యలేదు. ఎనిమిదేళ్లుగా ఆ దుంగతో అన్న మాట, అదే గొంతుతో, అదే ముద్దుతో, నోట్లోంచి వచ్చేసింది. పిల్ల మడమలు టక్కున నేలకానాయి. మొహం తెల్లబోయింది. రీకె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఉత్తరంలో చదివి తను నవ్విన పిల్ల ఇదే. అమ్మ తొందరగా పిలిపించుకోవాలని ఏటేటా మునివేళ్ల మీద నిలబడిన పిల్ల ఇదే. దోర్తె ఒకనాడూ మడమలు ఎత్తలేదు, పాపం, దానికి ఆ తెలివి వచ్చే వయసే రాలేదు.

గరిటె కుండలో పడేసి రీకె కత్తి తీసుకుంది. ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండో గీత మీద వేలెడు పైన, నిన్న దారం ఆగినచోట, ఒక గీత గీసింది. అది పూర్తయ్యాక లేచి, కత్తిని పిల్ల నడినెత్తి మీద అడ్డంగా ఆనించింది.

"బండెక్కవే పిల్లా, ఎండెక్కుతోంది," అంటూ ట్రీన గుమ్మంలోకి వచ్చి, చూసి ఆగిపోయింది. "మళ్లీ అదే పనా? బతికున్న పిల్లను కొలవద్దని నీకెన్నిసార్లు చెప్పాలే?"

"కదిలించకక్కా," అంది రీకె. "బతికుంది కాబట్టే కొలుస్తున్నాను. నీ కోడలికి ఇంకెవరినైనా చూసుకో."

పిల్ల ఊపిరి కూడా పీల్చకుండా నిలబడి ఉంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు, తల కదులుతుందని.

"నీ పేరేంటే?" అంది రీకె.

"మీనె."

"మీనె," అని రీకె ఒకసారి అనుకుని చూసింది. తర్వాత కత్తి నొక్కి గీత పెట్టింది. ఈసారి బొటనవేలు తగ్గించలేదు.